జ్వరం తగ్గినవాళ్ళు

"జ్వరం తగ్గిన మనిషి ఎలా చచ్చిపోయింది డాక్టరుగారూ?"

అడిగి ఊరుకుంది ప్రైవేటు డిటెక్టివ్. పుస్తకం తీయలేదు, పెన్ను తీయలేదు. ఏభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు ముడి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. చూడగానే ఏ బడికో హెడ్‌మిస్ట్రెస్ అనుకుంటారు. అబద్ధం చెప్పబోయేవాళ్ళకి ఆ పోలికే ఇబ్బంది.

బల్ల అవతల కూర్చున్నది జ్వరాల ఆసుపత్రి పెద్ద డాక్టరు. భుజాల దగ్గర చొక్కా వదులుగా వేలాడుతోంది, ఈమధ్యనే చిక్కినట్టున్నాడు. గొంతులో మాత్రం ఏ సడలింపూ లేదు.

"ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోని పూట లేదమ్మా. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. నా కూతురుతో సమానం."

"మరి సమాధానం?"

"టైఫస్. అంతకన్నా ఏం చెప్పను?"

"టైఫాయిడ్ కాదుగా?"

"అందరూ అక్కడే పొరబడతారు. టైఫాయిడ్ తాగే నీళ్ళతో వస్తుంది. టైఫస్ బట్టల్లో, ఒంటి మీద ఉండే పేలతో వస్తుంది. గోదాముల వెనక షెడ్లలో జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుకుంటారే, అక్కడ మొదలైంది ఈసారి. మంటలా జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, ఆ తర్వాత మతి పోతుంది. మా చిన్న డాక్టరు లాబ్‌లో ఆ క్రిములతోనే పనిచేసేది. ఎక్కడో జాగ్రత్త తప్పింది. అంటుకుంది."

"మీరే వైద్యం చేశారు."

"నేనే చేశాను." ఆయన ముందుకు వంగాడు. తనకి ఇష్టమైన విషయం వచ్చిందని ఆ వంగడంలోనే తెలిసింది. "చూడండి, రెండు మందులు. ఒకటి యాంటీబయాటిక్ క్యాప్సూల్. క్రిమిని చంపేది అది. రెండోది స్టెరాయిడ్ మాత్ర. క్రిమితో పోట్లాడుతూ ఒళ్ళు తనని తానే కాల్చుకుంటుంది కదా, ఆ మంట ఆర్పేది ఇది. మా వార్డులో క్యాప్సూల్ అందరికీ ఇస్తాం. ఒక వరస వాళ్ళకి దాంతోపాటు స్టెరాయిడ్ ఇస్తాం. రెండో వరసకి, చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. ఎవరు కోలుకుంటున్నారో చూడటమే మా పరిశోధన."

"ఎవరు కోలుకుంటున్నారు?"

"స్టెరాయిడ్ పడినవాళ్ళు మర్నాటికి లేచి కూర్చుని అన్నం పెట్టమంటున్నారు. నాలుగు రోజులు చూసి ఇంటికి పంపేస్తున్నాం. రెండో వరస మంచం దిగడం లేదు. కొందరు దక్కలేదు కూడా. ఈసారి క్రిమి మొండిది. ఎప్పుడూ లొంగే యాంటీబయాటిక్‌కి లొంగడం లేదు. రేపు డాక్టర్ల సభలో నేను చెప్పబోయేది అదే. ఇక మీదట టైఫస్ వస్తే ముందు స్టెరాయిడ్. ప్రతి ఊళ్ళోనూ."

"చిన్న డాక్టరుకి రెండూ ఇచ్చారా?"

"ఇవ్వకుండా ఉంటానా? జ్వరం దిగింది. ఆ వరండాలో నడవడం నా కళ్ళతో చూశాను. చెయ్యి కూడా ఊపింది." ఆయన కిటికీ వైపు తిరిగి మళ్ళీ తల దించుకున్నాడు. "తర్వాత ఒక్కసారిగా కూలిపోయింది."

"గుండె తట్టుకోలేదండీ," అన్నారు వెనకనుంచి.

డిటెక్టివ్ మెడ తిప్పింది. మూల కుర్చీలో కాఫీ కప్పు పట్టుకుని నలభై ఏళ్ళ మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, అంతకన్నా నలగని మొహం.

"మా అల్లుడు," అన్నాడు పెద్ద డాక్టరు. "ఆ స్టెరాయిడ్ తయారుచేసే కంపెనీ ఇతనిదే. పరిశోధనకి రెండు రకాల మందులూ ఉచితంగా ఇతనే తెచ్చి ఇస్తున్నాడు. ఇతను లేకపోతే ఈ పని గడప దాటేది కాదు."

"చిన్న డాక్టరుకి మీ పరిశోధన మీద నమ్మకం ఉండేదా?"

పెద్ద డాక్టరు ఒక్క క్షణం తటపటాయించాడు. "వాదించేది. లాబ్‌లో గాజు పళ్ళెంలో ఈ క్రిమికి యాంటీబయాటిక్ వేస్తే చస్తోంది సార్, వార్డులో ఎందుకు చావట్లేదు అనేది. గాజు పళ్ళెం వేరు, మనిషి ఒళ్ళు వేరు అని కసిరేవాణ్ణి."

"మీతోనే అందా, ఇంకెవరితోనైనా అందా?"

"నాతో కూడా అన్నారండీ," అన్నాడు అల్లుడు నవ్వి. "నాకు క్రిముల గొడవ ఏం తెలుస్తుంది? డబ్బాలు తెచ్చి గదిలో సర్దించేవాణ్ణి నేను."

తనని అడక్కుండానే అతను సమాధానం చెప్పాడని డిటెక్టివ్ గమనించింది. గమనించినట్టు పైకి కనపడనివ్వలేదు. "ఆవిడ పోయిన గది ఒకసారి చూస్తాను," అని లేచింది.

*

గది వరండా చివర ఉంది. ఇనప మంచం, గోడకి బిగించిన అలమర, నీళ్ళ కూజా, మూత పెట్టిన గ్లాసు. పరుపు తీసేసి ఎండలో పడేశారు. హెడ్ నర్సు తలుపు దగ్గరే నిలబడింది. లోపల మంచం చట్రం మీద చనిపోయిన పిల్ల తల్లి కూర్చుని కూతురి బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెడుతోంది. కేసు చూడమని డిటెక్టివ్ ఇంటికి వచ్చి కాళ్ళు పట్టుకోబోయింది ఆవిడే.

"జ్వరం తగ్గాక ఎలా ఉండేది?" డిటెక్టివ్ నర్సుని అడిగింది.

"బ్రహ్మాండంగా ఉండేదండీ. అదే నాకు అంతుపట్టదు. ఆకలి ఆకలి అని ప్రాణం తీసేది. రెండు పళ్ళేలు తిని మూడోది అడిగేది. నిద్ర లేదు. తెల్లవార్లూ పాటలు, కబుర్లు. నవ్వితే ఆ చివరికి వినపడేది."

"స్టెరాయిడ్ పడితే అలాగే ఉంటుందా?"

"ఉంటుందండీ. ఆకలి వేస్తుంది, నిద్ర పట్టదు, మనసు ఉరకలేస్తుంది. మా వార్డులో ఆ వరస అంతా అంతే. తిరునాళ్ళకి వచ్చినట్టుంటారు."

అంటే స్టెరాయిడ్ అసలుదే. పని చేసింది కూడా. డిటెక్టివ్ అలమర తెరిచింది. దువ్వెన, పౌడరు డబ్బా, స్పూను. మందుల జాడ లేదు.

"మిగిలిన మందులేవి?"

"అల్లుడుగారు వచ్చి తీసుకెళ్ళిపోయారండీ. ఆవిడ కన్నుమూసిన గంటలోపే. పరిశోధన మందులు బయట ఉండకూడదట."

"అంతకుముందు పోయినవాళ్ళ మందులు కూడా అలా స్వయంగా వచ్చి పట్టుకెళ్ళాడా?"

నర్సు తల అడ్డంగా ఊపింది. "లేదండీ. మేమే పంపేవాళ్ళం."

డిటెక్టివ్ మంచం దగ్గరికి వచ్చి ఆ తల్లి పక్కన కూర్చుంది. ఒక చున్నీ అందుకుని తనూ మడతపెట్టడం మొదలుపెట్టింది. పెద్దావిడ కుడిచేత్తోనే పని కానిస్తోంది. ఎడమచెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంది. చున్నీ అంచులు కలపడానికి కూడా ఆ పిడికిలి విప్పలేదు.

"ఆ చేతిలో ఏముందమ్మా?"

"ఏం లేదు."

"నా దగ్గరికి వచ్చిన రోజు కూడా ఇలాగే బిగించుకుని ఉన్నారు."

పెద్దావిడ నర్సు వైపు చూసి, నేల వైపు చూసి, చివరికి వంగి డిటెక్టివ్ చెవిలో చెప్పినట్టుగా చెప్పింది. "నేనే చంపుకున్నాను నా తల్లిని."

"ఏమన్నారు?"

"ఆఖరి రోజు మందు మింగలేకపోయిందమ్మా. గొంతు దిగట్లేదే అమ్మా, కాసేపాగి వేసుకుంటానే అంది. సరేలే అన్నాను. చిన్నప్పుడు కూడా మందంటే అంతే, బతిమాలించుకునేది. కాసేపాగి లేపుదామనుకున్నాను. లేవలేదు." పిడికిలి మెల్లగా విప్పింది. చేతిరుమాలు. దాని మడతల మధ్య ఒక క్యాప్సూల్. "ఇది గొంతులో వేసి ఉంటే బతికేది. ఎవరికీ చెప్పకండి. వాళ్ళ నాన్నకి అస్సలు చెప్పకండి. ఆయన నన్ను క్షమించరు."

నర్సు చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. డిటెక్టివ్ ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, క్యాప్సూల్ ఒక్కటే అందుకుని, కిటికీ దగ్గరికి నడిచింది. చేతిసంచిలోంచి ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం తీసి పక్కపక్కన పరిచింది. క్యాప్సూల్ రెండు సగాలూ మెలితిప్పి విడదీసి, పొడిని రెండు కాగితాల మీదా రాల్చింది.

తెల్ల కాగితం మీద పొడి కనపడలేదు. నల్ల కాగితం మీద తెల్లగా మెరిసింది.

"అక్కా!"

గుమ్మంలో ఖాకీ బట్టలు. ఇన్‌స్పెక్టరు. వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్ళు.

"రారా," అంది డిటెక్టివ్ తలెత్తకుండానే.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళని వరండాలోకి పొమ్మని సైగ చేసి లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "వాళ్ళ ముందు ఒరేయ్, గిరేయ్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"నీకు మాటలు నేర్పిన నోరురా ఇది. ఇప్పుడు మార్చుకోమంటే ఎలా?"

"సరదా కాదక్కా. పైనుంచి ఫోన్ వచ్చింది. ఇక్కడ కేసు లేదు. టైఫస్ వచ్చింది, మనిషి పోయింది. లాబ్‌లో పనిచేసేవాళ్ళకి ఉన్న ముప్పే అది. నువ్వొచ్చి డాక్టరుని నిలదీశావని ఆయన అల్లుడు కంప్లయింట్ ఇచ్చాడు. నడు, ఇంటికి."

"పోస్ట్‌మార్టం ఎందుకు చేయించలేదు?"

"అంటువ్యాధి. వద్దన్నారు."

"ఎవరు?"

"ఆసుపత్రి వాళ్ళే."

"ఎవర్ని అనుమానించాలో వాళ్ళే వద్దన్నారు, నువ్వు సరేనని సెల్యూట్ కొట్టి వచ్చేశావు. బాగుంది ఉద్యోగం."

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డలా అయింది. "నీకు ప్రతి చావూ హత్యే. మొన్న మేడమీంచి పడ్డ ముసలాయన విషయంలోనూ ఇలాగే నలుగురి ముందూ నన్ను వెధవని చేశావు."

"తోసింది కొడుకే కదరా చివరికి?"

"అది వేరే సంగతి!" అతను అరిచాడు. ఆ అరుపుకి పెద్దావిడ ఉలిక్కిపడింది. ఇన్‌స్పెక్టరు నాలిక కరుచుకుని గొంతు దించాడు. "చూడు. నీ మీద నేనే కేసు పెట్టాల్సిన పరిస్థితి తేకు. నీకు దండం పెడతాను. ఆ చేతిలో ఏంటది?"

"యాంటీబయాటిక్. చిన్న డాక్టరుకి ఇచ్చిన క్యాప్సూళ్ళలో ఆఖరుది."

ఇన్‌స్పెక్టరు నల్ల కాగితం మీదికి వంగి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదా? ఇది కాదే."

"నీకెలా తెలుసు?"

"కిందటి వానాకాలం నాకు జ్వరమొస్తే ఇవే మింగాను కదా. ఇదే రంగు, ఇదే సైజు. ఒకటి జేబులో చితికిపోయి చొక్కా అంతా పసుపు మరక. నీ మరదలు ఎంత ఉతికినా పోలేదు. లోపలి పొడి పచ్చగా ఉంటుందక్కా. పైగా చేదు. నాలిక మీద పడిందంటే ఏం తిన్నా ఆ చేదే."

"వేలితో అద్ది చూడు."

"సాక్ష్యం నాకమంటావేంటి?"

"మిగతాది పొట్లం కట్టిస్తాలే. చూడు."

అతను చిటికెడు నాలిక కొనకి తాకించాడు. చప్పరించాడు. మళ్ళీ చప్పరించాడు. మొహంలో పోలీసుతనం పోయి, ఇంట్లో అన్నం తినే తమ్ముడి మొహం బయటపడింది.

"పిండి," అన్నాడు. "వట్టి మొక్కజొన్న పిండక్కా."

మంచం మీది తల్లి లేచి నిలబడింది. చేతిరుమాలు జారి కింద పడింది. "అయితే... ఆ రోజు అది వేసినా..."

"వేసినా బతికేది కాదమ్మా," అంది డిటెక్టివ్. "మీ తప్పేం లేదు."

ఆవిడ మొహంలో ఏదో తేలికపడబోయింది. ఆగిపోయింది. "మరి అంతకుముందు వేసినవి? పూటపూటకీ నా చేత్తోనే వేశాను. మింగు తల్లీ, తగ్గిపోతుందని... అవన్నీ?"

డిటెక్టివ్ వంగి కింద పడిన చేతిరుమాలు తీసి మంచం మీద పెట్టింది. నర్సు వచ్చి పెద్దావిణ్ణి పొదివి పట్టుకుంది. ఆవిడ తన అరచేతులు రెండూ కళ్ళ ముందు పెట్టుకుని వాటివంకే చూస్తూ ఉండిపోయింది.

ఇన్‌స్పెక్టరు గోడవైపు తిరిగి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "వార్డుకి పద," అన్నాడు.

*

హెడ్ నర్సు ముందు నడిచింది. వార్డులో రెండు వరసల మంచాలు. ఎడమ వరసలో మనుషులు లేచి కూర్చున్నారు. ఇద్దరు పేకాడుతున్నారు. ఒకడు పాడుతున్నాడు. లారీ డ్రైవరు ఒకడు పళ్ళెం మీద స్పూనుతో కొడుతూ నర్సుని చూసి, "అక్కా, ఇంకో రెండు గరిటెలు వేయించవా? పేగులు అరుస్తున్నాయి. రేపు ఇంటికి పంపిస్తారట, మా ఆవిడకి కబురు చేశాను," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. మెడ మీద దద్దుర్లు మాత్రం అలాగే ఉన్నాయి. నర్సు అంతకుముందు రోజూ వాటిని చూసే ఉంటుంది. ఈసారి చూసి కళ్ళు తిప్పుకుంది.

కుడి వరసలో మాటల్లేవు. ఒక ముసలాయన దుప్పటి అంచుని వేళ్ళతో పీకుతూ ఎవరితోనో గొణుగుతున్నాడు. పక్క మంచం ఖాళీ. దాని మీద దుప్పటి అప్పుడే మార్చినట్టుంది.

"ఈ వరసలో ఒకటి, ఆ వరసలో ఒకటి," అంది డిటెక్టివ్.

నర్సు మందుల ట్రేలోంచి రెండు క్యాప్సూళ్ళు తీసి, వార్డు బయటికి వచ్చి విప్పింది. ఒకటి కింద ఒలికింది. తెల్లన. రెండోదీ తెల్లన.

"అందరికీనా?" అంది నర్సు. "నేను... నేను రోజూ..."

"నీకు తెలీదు," అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు తలుపు సందులోంచి లోపలికి చూశాడు. "నాకు అర్థమయ్యేట్టు చెప్పు. క్రిమిని చంపే మందు ఎవరికీ పడలేదు. మరి ఈ ఎడమవైపు వాళ్ళు ఇంత బాగా ఎలా ఉన్నారు?"

"బాగా లేరురా. ఇంట్లో నిప్పంటుకుంటే పొగ వాసన రాకుండా చేసినట్టు అది. స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచేసింది, ఒంటికి పోట్లాడే ఓపిక కూడా లేకుండా చేసింది. క్రిమి లోపల దాని పని అది చేసుకుంటోంది. చిన్న డాక్టరు పాడుతూ, నవ్వుతూ, మూడు పళ్ళేలు తింటూ అలాగే పోయింది."

"ఇలా ఎవడికి లాభం?"

"రెండు వరసలకీ నిజమైన క్యాప్సూల్ పడిందనుకో, రెండు మూడు రోజులు అటూ ఇటుగా అందరూ లేస్తారు. స్టెరాయిడ్ గొప్పదనం ఎవరికీ కనపడదు. అసలు మందు తీసేస్తే? ఒక వరస మంటల్లో, ఒక వరస పేకాటలో. చూసేవాళ్ళకి స్టెరాయిడ్ దేవుడిలా కనిపిస్తుంది. నాలుగు రోజులు చూసి ఇంటికి పంపేస్తారు. ఇంటికెళ్ళాక ఏమైందో ఎవరూ అడగరు. చిన్న డాక్టరు ఉండేదీ ఈ ఆసుపత్రిలోనే కాబట్టి అందరి కళ్ళముందూ పోయింది. లేకపోతే ఇదీ తెలిసేది కాదు."

ఇన్‌స్పెక్టరు టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "డాక్టరేనా?"

"రేపు సభలో దండలు పడేది ఆయన మెడలోనే. కానీ ఆయన నాతో ఒక్క అబద్ధమైనా ఆడినట్టు అనిపించలేదు. అదే నన్ను తొలుస్తోంది. పద, ఆయన నోటే విందాం."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళలో ఒకణ్ణి మందుల గది ముందు నిలబెట్టాడు, ఇంకొకణ్ణి గేటు దగ్గరికి పంపాడు. ఇంటికి పదమన్న సంగతి మళ్ళీ ఎత్తలేదు.

*

పెద్ద డాక్టరు బల్ల మీద నల్ల కాగితం పరిచింది డిటెక్టివ్. మూల కుర్చీలో అల్లుడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరుని చూసి లేచి నమస్కారం పెట్టాడు, తన కంప్లయింటు పని చేసిందనుకున్నాడు.

"ఇది మీ వార్డు క్యాప్సూల్ డాక్టరుగారూ. పిండి."

"అసంభవం."

"ఇంకోటి విప్పండి."

ఆయన విప్పాడు. చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. "ఎవరో మార్చి ఉంటారు. ఇవాళే మార్చి ఉంటారు. నా పరిశోధన మీద బురద చల్లడానికి." గొంతు పెరిగింది. "ఈ క్యాప్సూల్ సంగతి నాకు చెబుతారా? కిందటి నెల నాకే ఈ జ్వరం వచ్చిందమ్మా! వార్డు చుట్టూ తిరిగేవాణ్ణి, నాకు మాత్రం అంటదా? ఈ రెండు మందులే వేసుకున్నాను. ఇదే కంపెనీ, ఇదే డబ్బా. ఒకటి నోట్లోనే చితికితే చేదుకి వాంతయింది. ఇది పిండి అయితే నేనివాళ మీ ముందు కూర్చుని..."

ఆగిపోయాడు. తను అన్న మాట తనకే వినపడినట్టు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"చేదుగా ఉందా?" అంది డిటెక్టివ్ మెల్లగా.

ఆయన కాగితం మీది తెల్ల పొడిని వేలితో తాకి చూశాడు.

"మీకు ఆ డబ్బా ఎవరు తెచ్చి ఇచ్చారు?"

పెద్ద డాక్టరు చూపు మెల్లగా మూల కుర్చీ వైపు తిరిగింది. అల్లుడు కాఫీ కప్పుని కిటికీ గట్టు మీద పెట్టాడు.

"మామయ్యా, వీళ్ళు మాటలు మెలిపెడుతున్నారు."

"నువ్వే ఇచ్చావు," అన్నాడు పెద్ద డాక్టరు. "ఇంటికి తెచ్చి నీ చేత్తో ఇచ్చావు. వార్డు స్టాకులోంచి తీస్తానంటే వద్దన్నావు."

"మీకేదైనా అయితే మీ అమ్మాయి తట్టుకునేదా? మీకోసం ప్రత్యేకంగా బయటినుంచి..." అల్లుడు మాట మధ్యలో ఆపేశాడు. ఆలస్యమైపోయింది.

"ఏది మందో ఏది పిండో తెలియనివాడికి ప్రత్యేకంగా తేవాలన్న ఆలోచన ఎందుకొస్తుంది?" అంది డిటెక్టివ్. "ఆసుపత్రి మొత్తంలో అసలు మందు పడింది ఒక్క మనిషికి. ఆ మనిషి నీ మామగారు."

ఇన్‌స్పెక్టరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

అల్లుడు ఒకసారి కిటికీ వంక చూశాడు, ఒకసారి తలుపు వంక చూశాడు. తర్వాత, విచిత్రంగా, మొహంలో బిగువు సడలి కుర్చీలో కూలబడ్డాడు. "స్టెరాయిడ్ పని చేస్తుంది మామయ్యా. మీరే అన్నారు. తీవ్రంగా ఉన్నవాళ్ళకి పని చేస్తుందని మీరే ఎన్నిసార్లు అన్నారు? అది అందరికీ కనపడాలంతే. ఒక్కసారి సభ అయిపోతే వార్డులో అసలు క్యాప్సూళ్ళు పెట్టించేవాణ్ణి. ఎవరికీ నష్టం లేకుండా పోయేది."

"చిన్నది నీతో ఏమంది?" పెద్ద డాక్టరు అడిగాడు.

"క్యాప్సూళ్ళు లాబ్‌కి పంపమంది. విప్పి చూస్తానంది. పంపుతానన్నాను. ఆ రెండు రోజుల్లోనే దానికి జ్వరం వచ్చింది. నేనేం చెయ్యలేదు. జ్వరం నేను తెప్పించానా?"

"నాకు తెచ్చినట్టు దానికీ ఒక డబ్బా తెచ్చి ఉంటే బతికేది."

అల్లుడు కిటికీ గట్టు మీది కప్పు వైపు తల తిప్పుకున్నాడు.

"తేలేదు," అన్నాడు పెద్ద డాక్టరు. "దాని మంచం పక్కన నిలబడి నవ్వుతూ పలకరించి, తేలేదు. నేను నీ పక్కనే నిలబడి, దాని మొహం చూసి, రేపటి సభలో దీన్నే మొదటి ఉదాహరణగా చెబుతాననుకున్నాను."

ఇన్‌స్పెక్టరు అల్లుడి జబ్బ పట్టుకుని లేపాడు. అతను పెనుగులాడలేదు. గుమ్మం దగ్గర ఆగి, "మీ పేరే పోతుంది మామయ్యా, నాది కాదు," అన్నాడు. ఇన్‌స్పెక్టరు అతన్ని బయటికి నెట్టి, మందుల గది ముందున్న కానిస్టేబులుకి అప్పగించాడు.

డిటెక్టివ్ బల్ల దగ్గరికి వచ్చింది. "డాక్టరుగారూ, అసలు క్యాప్సూళ్ళు ఎక్కడ దొరుకుతాయి?"

"ఎక్కడైనా. ఏ మందుల షాపులోనైనా. అంత మామూలు మందు అది." ఆయన బల్ల అంచు పట్టుకుని లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "ఎదురుగా ఉన్న షాపులో దొరుకుతుందమ్మా."

"ఒరేయ్!" అని కేకేసింది డిటెక్టివ్. వరండాలోంచి తమ్ముడు తొంగి చూశాడు. ఈసారి ఒరేయ్ అన్నందుకు మొహం మాడ్చుకోలేదు. "జీపు పంపు. ఎన్ని షాపులుంటే అన్నీ. ఉన్న క్యాప్సూళ్ళన్నీ పట్టుకురమ్మను. ముందు వార్డుకి."

"వార్డుకి సరిపోతే చాలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆ ప్రశ్నకి గదిలో ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అందరికన్నా ముందు అర్థమైంది పెద్ద డాక్టరుకే.

"ఇంటికి పంపినవాళ్ళు," అన్నాడు.

"ఎంతమంది?"

"తగ్గిపోయిందని చెప్పి పంపాను. మాత్రలు మానెయ్యమన్నాను. ప్రతి ఒక్కళ్ళ భుజం తట్టి పంపాను." ఆయన చేతులు జోడించాడో, ఒకదాన్నొకటి నలుపుకున్నాడో తెలియలేదు. "షెడ్లలో ఉంటారు, లారీల మీద పోతారు, ఎక్కడని వెతకను?"

బయట గేటు దగ్గర హారను మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. డిటెక్టివ్ వరండాలోకి పరిగెత్తింది.

ఆసుపత్రి మెట్ల ముందు ఒక వ్యాను అడ్డదిడ్డంగా ఆగి ఉంది. వెనక తలుపు తీసి ఒక ఆడమనిషి కిందికి దూకింది. భర్త చంకల కింద చేతులు వేసి లాగుతోంది. అతని తల వెనక్కి వాలిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. గేటు దగ్గరున్న కానిస్టేబులు పరిగెత్తుకొచ్చి కాళ్ళు పట్టుకున్నాడు.

"పొద్దున కూడా నవ్వుతున్నాడు డాక్టరుగారూ!" ఆవిడ అరుస్తోంది. "జ్వరం లేదు! ముట్టుకు చూడండి, ఇప్పటికీ జ్వరం లేదు! మీరే తగ్గిపోయిందన్నారు!"

పెద్ద డాక్టరు మెట్లు దిగి వచ్చాడు. రోగి మణికట్టు పట్టుకుని, పక్కనే నిలబడ్డ ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. "నన్నేం చేస్తారో తర్వాత చెయ్యండి. ముందు వీణ్ణి చూడనివ్వండి." ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. "సిస్టర్! సూదిమందుగా ఏదుంటే అది పట్రండి, పరిగెత్తండి!"

హెడ్ నర్సు పరిగెత్తింది. జీపు స్టార్టయి గేటు వైపు మళ్ళింది. గేటు దాటలేకపోయింది, ఎదురుగా ఒక తోపుడుబండి అడ్డం వచ్చింది. బండి మీద గోనెపట్టా పరిచి ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన పడుకోబెట్టారు. తోస్తున్న ముసలివాడు వగరుస్తూ, ఎవరిని పిలవాలో తెలియక, ఖాకీ బట్టలు కనపడిన వైపు చెయ్యి చాపాడు.

"అక్కా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, రోడ్డు మలుపు వైపు చూపిస్తూ.

మలుపు దగ్గర ఇంకో వ్యాను కనపడింది. దాని వెనకాల లైట్లు వేసుకుని, హారను కొడుతూ, ఇంకొకటి.